అప్పులపాలైన వారికి సలహా కూడా అమ్మకమేనా?

తీసుకున్న అప్పు తీర్చలేక సతమతమవుతున్న వేతన జీవులకు, చిరు వ్యాపారులకు ఇటీవలి సంవత్సరాలలో కొత్త తరహా ఆపద్బాంధవులు ఎదురవుతున్నారు. బ్యాంకులతో తామే మాట్లాడతామని, బకాయిలో సగం తగ్గించి ఖాతా మూయిస్తామని, వసూలు ఏజెంట్ల ఫోన్ల బెడద లేకుండా చేస్తామని వాగ్దానం చేసే ప్రైవేటు సంస్థలివి. రుణ పరిష్కార సంస్థలని, రుణ నిర్వహణ సంస్థలని ఇవి తమను తాము చెప్పుకుంటాయి. చేరేటప్పుడు ఒక రుసుము, ఆపై నెలనెలా చందా, చివరకు తగ్గిన మొత్తంలో కొంత వాటా అన్న పద్ధతిలో వీటి రాబడి సాగుతుంది. నెలసరి వాయిదా కట్టడానికే డబ్బు లేదని వచ్చిన మనిషి దగ్గర నెలసరి చందా వసూలు చేయడం ఈ వ్యాపారంలోని మొదటి వైచిత్రి.

ఈ రంగంలో అచ్చమైన మోసగాళ్లూ లేకపోలేదు. రుణమాఫీ చేయిస్తామంటూ పత్రికల్లోను, సామాజిక మాధ్యమాల్లోను వస్తున్న ప్రకటనలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరు 11న ప్రజలను హెచ్చరించింది. ఎటువంటి అధికారమూ లేకుండానే కొందరు ‘రుణమాఫీ ధ్రువపత్రాలు’ జారీ చేసి, అందుకు సేవా రుసుమని, న్యాయ రుసుమని వసూలు చేస్తున్నట్లు తన దృష్టికి వచ్చిందని ఆ ప్రకటనలో పేర్కొంది. అటువంటి కాగితానికి విలువ లేదు. దానిని చూపి బ్యాంకు అప్పు రద్దు చేయదు. ఇది పోలీసులు చూసుకోవలసిన వ్యవహారం.

అయితే మోసం చేయకుండా, చెప్పిన పని చెప్పినట్లే చేసే సంస్థల సంగతి ఏమిటన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. అవి అమ్ముతున్న సరుకు ఏదో కాస్త నిదానించి చూస్తే, అందులో అధిక భాగం రుణగ్రస్తునికి రుసుము లేకుండానే దక్కవలసినదని తేలుతుంది. బ్యాంకుకు విజ్ఞప్తి చేసుకునే హక్కు, వేధింపులపై ఫిర్యాదు చేసే హక్కు, రాజీ కోరే హక్కు, పేదవారైతే న్యాయవాదిని ఉచితంగా పొందే హక్కు ఇప్పటికే ఈ దేశంలో వున్నాయి. అవి వున్నాయని అప్పు ఇచ్చినవారు చెప్పరు. చెప్పవలసిన ప్రభుత్వ యంత్రాంగం గట్టిగా చెప్పదు. ఆ మౌనమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

అమ్ముడవుతున్నదేమిటి?

మొండి బకాయిలను రాజీ మార్గంలో పరిష్కరించుకోవడం బ్యాంకులకు కొత్త కాదు. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు దీనికి ఒక సమగ్ర విధానాన్ని ప్రకటించింది. రాజీ పరిష్కారాలపై ప్రతి బ్యాంకూ, ప్రతి ఫైనాన్సు కంపెనీ తన డైరెక్టర్ల బోర్డు ఆమోదించిన విధానాన్ని కలిగి వుండాలని అందులో ఆదేశించింది. ఎంతవరకు తగ్గించవచ్చో, ఏ స్థాయి అధికారి నిర్ణయం తీసుకోవాలో ఆ విధానంలోనే వుంటుంది. రుణ పరిష్కార సంస్థ మాట్లాడినా, రుణగ్రస్తుడు స్వయంగా తెల్ల కాగితంపై రాసుకున్నా అధికారి చూసేది ఆ విధానాన్నే. సంస్థ చేతిలో ప్రత్యేకమైన తాళంచెవి ఏదీ లేదు. ఆ సంస్థతో మాట్లాడి తీరాలన్న నిబంధన కూడా బ్యాంకుకు లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

పైగా ఈ సంస్థలలో కొన్ని ఇచ్చే మొదటి సలహా మరింత ప్రమాదకరమైనది. వాయిదాలు పూర్తిగా నిలిపివేయండి, ఖాతా మొండి బకాయిగా మారితే బ్యాంకే దిగివస్తుందన్నది ఆ సలహా. బేరానికి బలం చేకూరుతుందన్న మాట నిజమే కావచ్చు. అయితే ఆ నెలలన్నింటికీ వడ్డీ పెరుగుతూనే వుంటుంది. ఖాతా నుంచి వాయిదా మినహాయించుకునే ఏర్పాటు వున్నవారికి ప్రతి నెలా అది తిరిగివచ్చినందుకు రుసుములు పడతాయి. అప్పు కట్టలేకపోవడం సివిల్ వివాదమే తప్ప నేరం కాదు. కాని చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ వాయిదా చెల్లకపోతే 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ కేసుకు ఆస్కారముంది. రెండింటిలోను రెండేళ్ల వరకు జైలు, లేదా చెల్లని మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సివిల్ చిక్కును క్రిమినల్ చిక్కుగా మార్చగల సలహాకు చందా కట్టడం గోరుచుట్టుపై రోకటిపోటు కాదా?

ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు విషయంలో పరిస్థితి ఇంకా కఠినం. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ గడువులో బకాయి చెల్లించకపోతే, సివిల్ కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం రుణదాతకు వుంది. వ్యక్తిగత రుణానికి, క్రెడిట్ కార్డు బకాయికి పనికివచ్చే బేరసారాలు ఇంటి రుణానికి పనికిరావు. ఈ తేడా చెప్పకుండా అన్ని వాయిదాలూ ఆపమనేవారు సలహాదారులు కారు.

లెక్క చూస్తే విషయం మరింత తేటపడుతుంది. ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. క్రెడిట్ కార్డుపై 2 లక్షల రూపాయల బకాయి వున్న ఉద్యోగి ఒకరు ఇటువంటి సంస్థలో చేరి, 10 నెలలపాటు కార్డుకు ఏమీ కట్టకుండా నెలకు 5 వేల చొప్పున సంస్థకు చెల్లించాడనుకుందాం. నెలకు మూడున్నర శాతం చక్రవడ్డీతో బకాయి 10 నెలల్లో సుమారు 2 లక్షల 82 వేలవుతుంది. సంస్థ మాట నిలబెట్టుకుని సగానికి రాజీ కుదిర్చితే కట్టవలసింది 1 లక్షా 41 వేలు. సంస్థ తీసుకున్నది 50 వేలు, దానిపై 18 శాతం జి.ఎస్.టి. 9 వేలు. అన్నీ కలిపితే సరిగ్గా 2 లక్షలు. సగం తగ్గిందన్న అప్పు మొదట ఎంత వుందో అంతకే తేలింది. ఆలస్య రుసుములు, తగ్గింపులో సంస్థ వాటా ఈ లెక్కలో చేర్చనే లేదు. అదే రాజీని ఆ ఉద్యోగి తానే అడిగి సాధించుకుని వుంటే 59 వేలు చేతిలో మిగిలేవి.

నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42 శాతం. కార్డు బకాయిలపై వడ్డీ 30 శాతానికి మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. కాబట్టి వడ్డీకి ఆ అడ్డుకట్ట కూడా లేదు. ఈ స్థితిలో పది నెలలు వేచి చూడమనడం ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు.

డబ్బుతో పోయేది కాని నష్టం మరొకటి వుంది. రాజీతో ముగిసిన ఖాతా రుణ చరిత్ర నివేదికలో పూర్తిగా తీర్చిన ఖాతాగా కాక, రాజీపడిన ఖాతాగా నమోదవుతుంది. రుణ సమాచార సంస్థలు ఈ వివరాలను కనీసం ఏడేళ్లు భద్రపరుస్తాయి. రేపు పిల్లల చదువుకో, ఇంటికో అప్పు అడిగినప్పుడు ఆ మాట ఎదురుపడుతుంది. రాజీ తప్పనిసరైతే పడవలసిందే. కాని గడువు పెంచి వాయిదా తగ్గిస్తే తీర్చగలిగిన అప్పును కూడా రాజీ దాకా లాగడం రుణగ్రస్తుని మేలు కోరి చేసే పని కాదు. వాటా రాజీలోనే వున్న సంస్థ రాజీనే సూచిస్తుంది.

రుసుము లేని తలుపులు

ఇక ఉచితంగా దొరికే మార్గాలేమిటో చూద్దాం. మొదటిది అప్పు ఇచ్చిన సంస్థే. ఉద్యోగం పోవడం, వైద్య ఖర్చు, పంట నష్టం వంటి కారణాన్ని ఆధారాలతో చూపి, ఎంత కట్టగలరో లెక్క వేసి, గడువు పొడిగించాలని రాతపూర్వకంగా కోరాలి. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం వుండదు. ఇచ్చిన ఉత్తరానికి ముద్రవేసిన నకలు తీసుకోవాలి. మొదటి వాయిదా తప్పకముందే వెళితే వినేవారి స్వరం వేరుగా వుంటుంది. రాజీ కుదిరితే ఎంత, ఎప్పటిలోగా, ఆపై బకాయి ఏమీ లేదన్న ఉత్తరం ఎప్పుడిస్తారు అన్న మూడు సంగతులు కాగితంపై వచ్చిన తరువాతే డబ్బు కట్టాలి.

ఆ ఉత్తరం రాసేముందు అసలు ఎవరికెంత బాకీ వుందో తేల్చుకోవాలి. నాలుగు రుణ సమాచార సంస్థలలో ప్రతిదాని నుంచీ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు 2017 జనవరి 1 నుంచి ప్రతి పౌరునికీ వుంది. అందులో తప్పు వుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిదిద్దాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులోకి వచ్చింది. ‘స్కోరు బాగుచేస్తాం’ అని వేలకు వేలు తీసుకునేవారు చేయగలిగినది ఈ ఉచిత ఫిర్యాదే. నివేదికలోని నిజమైన ఎగవేతను ఎవరూ చెరపలేరు.

అప్పు అంకెను కూడా పరిశీలించుకోవాలి. వాయిదా తప్పినందుకు వేసే అపరాధ రుసుమును వడ్డీ రూపంలో వసూలు చేయరాదని, దానిని అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ కట్టరాదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆదేశించింది. వ్యక్తిగత, గృహ రుణాలు తీసుకున్న చాలామందికి ఈ సంగతి తెలియదు. పద్దు వివరాలు అడిగి తీసుకుని ఈ ఒక్క అంశం చూసుకున్నా చెల్లించనక్కరలేని మొత్తం బయటపడవచ్చు.

రెండవ తలుపు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. అంతకు ముందున్న మూడు వేర్వేరు పథకాలను కలిపి 2021 నవంబరు 12న ఏకీకృత పథకాన్ని ప్రారంభించారు. బ్యాంకుకో, ఫైనాన్సు కంపెనీకో ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా ఇక్కడికి వెళ్లవచ్చు. రుసుము లేదు. 14448 అన్న ఉచిత నంబరులో ప్రాంతీయ భాషల్లోనూ సమాచారం దొరుకుతుంది. ఆశ్చర్యం గొలిపే విషయమేమంటే, 2021 నాటి పథకం ఫిర్యాదును న్యాయవాది ద్వారా దాఖలు చేయడాన్నే అనుమతించలేదు. బాధితుడే న్యాయవాది అయితే తప్ప ఈ గడపలోకి నల్లకోటుకు ప్రవేశం లేదు. సామాన్యుడు తనంతట తానే నడుపుకోవాలని కట్టిన వ్యవస్థ ఇది.

అంబుడ్స్‌మన్ చేయలేనిది ఏమిటో కూడా చెప్పుకోవాలి. అప్పు తగ్గించమనో, రాజీకి ఒప్పుకోమనో ఆయన బ్యాంకును ఆదేశించడు. అది బ్యాంకు వ్యాపార నిర్ణయం. చిన్న ఫైనాన్సు కంపెనీలన్నీ ఆ పథకం పరిధిలోకి రావు. అన్యాయపు రుసుములు, నివేదికలో తప్పులు, వసూలు ఏజెంట్ల దురుసుతనం వంటి వాటికి మాత్రం అది గట్టి ఆయుధం. రుణగ్రస్తులకు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోన్లు చేయరాదని, బంధుమిత్రుల ముందు అవమానించరాదని, బెదిరించరాదని 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. ఏజెంటు చేసిన తప్పుకు బ్యాంకుదే బాధ్యత. ఫోన్ల బెడద తప్పిస్తామని సంస్థలు అమ్మే హామీకి మూలం ఈ ఉత్తర్వే.

మూడవ తలుపు న్యాయ సేవాధికార సంస్థ. పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించాలన్న 39ఎ అధికరణాన్ని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చారు. దానికి రూపమిచ్చిన 1987 నాటి చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, మహిళలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయం గలవారికి న్యాయవాదిని ఉచితంగా సమకూర్చాలి. మహిళలకు ఆదాయ పరిమితి వర్తించదన్న సంగతి గమనార్హం. పొదుపు సంఘం పేర, సూక్ష్మరుణ సంస్థల పేర అప్పులు మోస్తున్న లక్షలాది మహిళలకు ఈ ఒక్క వాక్యం ఎంత విలువైనదో ఊహించవచ్చు. జాతీయ సహాయ నంబరు 15100. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా సంస్థ కార్యాలయం వుంటుంది. తెలుగు రాష్ట్రాలలో మండల స్థాయి సంఘాలు కూడా పనిచేస్తున్నాయి.

లోక్ అదాలత్‌లు ఈ వ్యవస్థలో భాగమే. బ్యాంకు బకాయిల వివాదాలను కేసు దాఖలు కాకముందే అక్కడ పరిష్కరించుకోవచ్చు. కోర్టులో వున్న కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు రుసుము కూడా తిరిగివస్తుంది. అయితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. రద్దీలో, హడావుడిలో, బ్యాంకు అధికారి చూపిన చోట సంతకం చేసి వచ్చి, ఆనక వాయిదా కట్టలేక చేతులెత్తేస్తే డిక్రీ అమలు ఎదుర్కోవలసి వస్తుంది. కట్టగల మొత్తానికే ఒప్పుకోవాలి. అనుమానముంటే ఉచిత న్యాయవాదిని ముందే కోరాలి.

లైసెన్సు లేని యాప్‌ల అప్పుల విషయం వేరు. అక్కడ రాజీ మాటలకంటె ముందు చేయవలసింది ఫిర్యాదు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి, స్థానిక పోలీసులకు తెలియజేయాలి. అప్పు మంజూరు చేసింది రిజర్వు బ్యాంకులో నమోదైన సంస్థో కాదో చూసుకోవాలి. 2020 చివరలో తెలంగాణలో యాప్ రుణాల వేధింపులు ఆత్మహత్యలకు దారితీసిన తరువాతే ఈ వ్యవహారం దేశం దృష్టికి వచ్చింది. డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు 2022 సెప్టెంబరులో వెలువడ్డాయి.

పేరులోంచి జారిపోయిన సలహా

ఇన్ని తలుపులుండగా జనం రుసుము గుమ్మాలకే ఎందుకు పోతున్నారు? వారిని అమాయకులని నిందించడం సులువు. నిజానికి ఆ సంస్థలు ఒక అవసరాన్ని తీరుస్తున్నాయి. అప్పుల్లో వున్న మనిషికి ముందుగా కావలసింది తన గోడు సావధానంగా వినే మనిషి. బ్యాంకు శాఖలో పలుకరించే నాథుడుండడు. వసూలు విభాగం వారు వినడానికి కాదు, అనడానికే ఫోను చేస్తారు. పరువు పోతుందన్న భయంతో బంధువులకు చెప్పుకోలేరు. ఆ సమయంలో మర్యాదగా మాట్లాడే గొంతు వినిపిస్తే, నెలకింత అని చెప్పినా ఒప్పుకుంటారు. ప్రభుత్వ వ్యవస్థలు ఇవ్వలేకపోయినది ఆ మర్యాదే.

ఇవ్వాలన్న ఆలోచన లేకపోలేదు. 2009 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ‘ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాల’ నమూనా పథకాన్ని బ్యాంకులకు పంపింది. ఇప్పటి సంస్థలు చందాకు అమ్ముతున్నదంతా ఆ కాగితంలో ఉచితంగా వుంది. అప్పుల పాలు కాకముందు ఇచ్చే సలహా ఒకటి, పాలైన తరువాత ఇచ్చే సలహా ఒకటి అని రెండు విధాలుగా విభజించి, ఒక్కొక్క రుణగ్రస్తునికి విడివిడిగా రుణ నిర్వహణ ప్రణాళిక తయారు చేసి ఇవ్వాలని ఆ పథకం చెప్పింది. కేంద్రం మాతృ బ్యాంకుకు ఎడంగా వుండాలని, సలహాకు రుసుము తీసుకోరాదని కూడా పేర్కొంది.

తరువాత జరిగినది శోచనీయం. 2012 జూన్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. లీడ్ బ్యాంకులు తమ జిల్లా కార్యాలయాలన్నింటిలోను కేంద్రాలు తెరవాలన్నారు. విస్తరణ మంచిదే. కాని వాటి పేరు ‘ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు’గా మారింది. రుణ సలహా అన్న మాట పేరులోంచి జారిపోయింది. పొదుపు ఎందుకు చేయాలి, ఖాతా ఎలా తెరవాలి, డిజిటల్ చెల్లింపులు ఎలా చేయాలి అన్న శిబిరాలు ప్రధాన కార్యక్రమాలయ్యాయి. అవి అక్కరలేనివని ఎవరూ అనరు. అయితే నాలుగు యాప్‌లకు, రెండు కార్డులకు బాకీపడిన యువకునికి పొదుపు పాఠం ఎందుకు? మునిగిపోతున్నవానికి ఈత పాఠం చెప్పినట్లుంటుంది. నేటికీ జిల్లా లీడ్ బ్యాంకు కార్యాలయానికి వెళ్లి సలహా అడగవచ్చు. అడిగినవారికి ఎంత చెబుతారన్నది అక్కడి సలహాదారుని శ్రద్ధ మీద ఆధారపడి వుంటుంది.

చట్టం కూడా సగం దారిలో ఆగింది. 2016 నాటి దివాలా స్మృతి మూడవ భాగంలో వ్యక్తుల అప్పులకు ప్రత్యేక ఏర్పాటు వుంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు మించని నిరుపేదలకు బాకీ రద్దుచేసి కొత్త జీవితం ఇచ్చే ప్రక్రియను కూడా అందులో రాశారు. 2019 డిసెంబరు 1 నుంచి ఆ భాగాన్ని కంపెనీల అప్పులకు హామీ పడిన వ్యక్తులకు మాత్రమే వర్తింపజేశారు. మామూలు రుణగ్రస్తులకు మిగిలింది బ్రిటిష్ వారి కాలంనాటి 1920 ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. తెలుగునాట ‘ఐ.పి. పెట్టడం’ అంటే ఈ చట్టం కింద దివాలా పిటిషను వేయడమే. ఆ మాట ఊళ్లో మోసానికి పర్యాయపదమైపోయింది. 500 రూపాయల అప్పు వున్నవారు కూడా పిటిషను వేయవచ్చునన్న ఆ చట్టంలోని అంకె, అది ఏ కాలానిదో చెబుతుంది. పెద్ద కంపెనీకి గౌరవప్రదమైన దివాలా ప్రక్రియ, చిరుద్యోగికి నూరేళ్లనాటి ఐ.పి. అన్న తేడా సమంజసం కాదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ పాఠం కొత్త కాదు. సూక్ష్మరుణాల వసూళ్ల దౌర్జన్యాలపై 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ ఉదంతం రాష్ట్రాన్ని కుదిపివేసింది. 2020లో యాప్‌ల వంతు వచ్చింది. ప్రతిసారీ ప్రభుత్వాలు అప్పు ఇచ్చినవారిని అదుపు చేయడానికే చూశాయి. అది అవసరమే. కాని అప్పు తీసుకున్నవారు తలుపు తట్టవలసిన చోటును మాత్రం ఏ ఉదంతం తరువాతా నిర్మించలేదు.

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్‌లో ఫోను ద్వారా ఉచిత రుణ సలహా ఇచ్చే నేషనల్ డెట్‌లైన్ 1987లో బర్మింగ్‌హామ్‌లో మొదలైంది. నేడు స్టెప్‌చేంజ్‌గా పిలిచే ధర్మ సంస్థ 1993 నుంచి పనిచేస్తున్నది. అప్పు ఇచ్చిన సంస్థల విరాళాలే ఆ సంస్థకు ప్రధాన ఆధారం. బాకీ క్రమంగా వసూలైతే వారికీ లాభమే కనుక ఖర్చు వారు భరిస్తారు, సలహా రుణగ్రస్తునికి ఉచితంగా అందుతుంది. రుసుము తీసుకునే సంస్థలు అక్కడా వున్నాయి. కాని 2014 ఏప్రిల్ నుంచి అవి ఆర్థిక ప్రవర్తనా నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా పనిచేయడానికి వీలులేదు. సలహాదారుని ద్వారా దరఖాస్తు చేసుకున్నవారికి 60 రోజులపాటు అధిక భాగం వడ్డీలు, వసూలు చర్యలు నిలిచిపోయే ‘ఊపిరి పీల్చుకునే గడువు’ 2021 మే 4 నుంచి ఇంగ్లండ్, వేల్సులలో అమలులోకి వచ్చింది. అమెరికాలో ఫోను ద్వారా వ్యాపారం చేసే రుణ విముక్తి సంస్థలు, ఒక్క అప్పునైనా పరిష్కరించకముందే రుసుము తీసుకోరాదని 2010 అక్టోబరు నుంచి నిషేధించారు.

మన దేశంలో ఇటువంటి సంస్థలకు లైసెన్సు ఇచ్చే ప్రత్యేక చట్టమేదీ లేదు. ముందస్తు రుసుముపై నిషేధం లేదు. సలహాదారునికి అర్హత నిర్ణయించిన వారు లేరు. క్షవరం దుకాణానికి సైతం మునిసిపాలిటీ లైసెన్సు అడుగుతుంది. ఒక కుటుంబం అప్పులన్నింటినీ తన చేతిలోకి తీసుకునే వ్యాపారానికి ఆపాటి అజమాయిషీ కూడా లేకపోవడం విచారకరం.

చేయవలసినవి

ఇందుకు భారీ బడ్జెట్లు అక్కరలేదు. బకాయి పడిన ఖాతాదారుకు బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు పంపే ప్రతి నోటీసు పైన, ప్రతి సందేశంలోను 14448, 15100 నంబర్లను, రాజీ, గడువు పొడిగింపు కోరవచ్చునన్న ఒక వాక్యాన్ని ఖాతాదారు భాషలో ముద్రించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. బెదిరింపు వాక్యాలకు చోటున్న కాగితంలో ఈ రెండు వరుసలకు చోటు దొరకకపోదు. 2009 పథకంలోని వ్యక్తిగత రుణ సలహాను జిల్లా కేంద్రాలలో పునరుద్ధరించాలి. దాని ఖర్చును రుణదాతలందరూ కలిసి భరించే నిధి ఏర్పాటు కావాలి. సలహాదారు ఏ బ్యాంకు ఉద్యోగీ కాకూడదు.

రుసుము తీసుకునే సంస్థలను నిషేధించనక్కరలేదు. డబ్బిచ్చి పని చేయించుకోగలవారు చేయించుకోవచ్చు. అయితే అవి నమోదు కావాలి, ఫలితం చూపకముందు రుసుము తీసుకోరాదు, ఉచిత మార్గాలున్నాయని ఒప్పందం మొదటి పేజీలోనే చెప్పాలి. ఇక పార్లమెంటు తొమ్మిదేళ్ల క్రితమో పదేళ్ల క్రితమో రాసిపెట్టిన వ్యక్తిగత దివాలా నిబంధనలను, అందులోని పాతబడిన అంకెలను సవరించి, అమలుకు తేవడంపై కేంద్ర ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చవలసివుంది.

అంతవరకు రుణగ్రస్తుడు పాటించదగిన సూత్రం ఒకటే. అప్పు తగ్గిస్తామన్నవారికి రూపాయి ఇచ్చేముందు మూడు ప్రశ్నలు వేయాలి. మీరు చేసే పని నేను స్వయంగా చేసుకోలేనా? ఫలితం రాకపోతే నా డబ్బు తిరిగి ఇస్తారా? వాయిదాలు ఆపమన్నందువల్ల నాపై కేసు పడితే ఎవరు బాధ్యులు? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆ డబ్బును వాయిదాకే జమకట్టడం మేలు. తీర్చలేని అప్పు కంటె, తీర్చే దారి తెలియకపోవడం ఎక్కువ కుటుంబాలను కుంగదీస్తున్నది. ఆ దారిని చూపవలసిన బాధ్యత అప్పులకు లైసెన్సులిచ్చే వ్యవస్థదే.